నూట యాభై సెంటీమీటర్లు

ఇరవై మూడో నంబరు వచ్చి స్టాండు మీద నిలబడింది. మడమలు వెనక్కి ఆనించమ్మా, ఎదురుగా చూడు, గడ్డం ఎత్తకు, అన్నాను. పొద్దున్నుంచీ ఇవే మాటలు, నోరు తనంతట తనే అనేస్తోంది, కళ్లు మాత్రం ఆ పిల్ల భుజం మీదుగా గేటు దాకా సాగిన వరుసలో ఒక పసుపు చున్నీ దగ్గర ఆగిపోయి ఉన్నాయి. నలభై ఒకటో నంబరు. అంటే ఇంకా పద్దెనిమిది మంది. మనిషికి మూడు నిమిషాలు వేసుకున్నా దగ్గర దగ్గర గంట. ఆ గంటా నాగశ్రీ ఎండలో నిలబడే ఉంటుంది, కూర్చోదు, పడుకోదు, నిమిష నిమిషానికీ దాని వెన్నుపూసలు ఒకదాని మీద ఒకటి అణిగి దాన్ని కొంచెం కొంచెంగా పొట్టిదాన్ని చేస్తాయి. అప్పుడు నేను కొలుస్తాను. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ పోస్టుకి ఆడవాళ్లు నూట యాభై సెంటీమీటర్లు ఉండాలి. ఒక్క గీత తగ్గినా ఇంటికే. ఇరవై మూడో నంబరు తల మీదికి అడ్డబద్ద దించి, నూట యాభై మూడు పాయింట్ రెండు అని చదివాను, బల్ల దగ్గర అఖిల్ సార్ రాసుకున్నాడు, ఆ పిల్ల చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి నవ్వుకుంటూ వెళ్లిపోయింది.

నిలబడటం కూడా శిక్షేనని బయటివాళ్లకు తెలియదు. పొద్దున లేచినప్పుడు ఉన్నంత ఎత్తు మనిషి మధ్యాహ్నానికి ఉండడు, సాయంత్రానికి ఇంకా తగ్గుతాడు. అశోక్ నగర్‌లో ఈ పరీక్షలకు చదివే పొట్టి ఆడపిల్లలకు సిలబస్ కంటే ముందు తెలిసే సంగతి ఇది. అందుకే కొలతల ముందు రోజు నుంచే చాప మీద వెల్లకిలా పడుకుంటారు, తలకింద దిండు ఉండదు, అన్నం కూడా పడుకునే తింటారు, కొలతల రోజు ట్రాలీ ఆటో మాట్లాడుకుని వెనకాల పరుపు వేయించుకుని పడుకునే వస్తారు. గేటు దగ్గర దిగి నాలుగడుగులు నడిచి స్టాండెక్కాలని ఆశ. ఈ రోజు అలాంటి ఆటోలు పదకొండు వచ్చాయి నారాయణగూడ ఫ్లైఓవర్ పక్కనున్న ఈ కాలేజీ మైదానానికి. తొమ్మిదోది చిక్కడపల్లి వైపు నుంచి వచ్చింది. నీలం పువ్వుల దుప్పటి, పక్కన గొడుగు పట్టుకుని మొగుడు ఫణికిరణ్, మధ్యలో ఆకాశం కేసి చూస్తూ నాగశ్రీ. జాబితాలో దాని పేరు నిన్న సాయంత్రమే చూశాను, అప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. ఆటో చూడగానే ఏం చేయాలో తట్టింది. "సార్, వీళ్లంత ఆటోలల్ల పండుకోని వస్తున్నరు. గిట్లయితే కొలత కరెక్ట్ రాదు. సర్టిఫికెట్లు చూసే కాడినుంచే అందర్ని లైన్ల నిలబెడదాం సార్" అన్నాను. అఖిల్ సార్‌కి ఇరవై ఎనిమిదేళ్లు, రేంజ్ ఆఫీసరు, నా పై అధికారి. "కరెక్టే మేడమ్, నిలబెట్టుండ్రి" అన్నాడు ఫోన్‌లోంచి తలెత్తకుండానే. అంతే. రూలు ప్రకారమే. ఎవరూ నన్ను వేలెత్తి చూపలేరు, ఎనిమిదింటికి నిలబెట్టిన వరుస పదైనా నిలబడే ఉంది.

పడుకునే విద్య దానికి నేర్పింది నేనే. నవ్వొస్తోంది తలుచుకుంటే. ఇరవై నాలుగో నంబరు జడ విప్పుకుంటోంది, కొప్పు ఉండకూడదు కదా, పిన్నులు ఒక్కొక్కటే తీసి నోట్లో పెట్టుకుంటోంది, నాగశ్రీ కూడా అలాగే నోట్లో పిన్నులు పెట్టుకుని మాట్లాడేది. మేం చదువుకున్న లైబ్రరీ వెనక మెట్ల గోడ దగ్గర దాన్ని నిలబెట్టి, తల మీద జనరల్ స్టడీస్ పుస్తకం పెట్టి, పుస్తకం కింద పెన్సిలు గీత గీసేదాన్ని. పొద్దున గీత నూట యాభై మీద మూడు గీతలు, సాయంత్రం గీత నూట నలభై తొమ్మిదిన్నరకి దిగువ. రెండు గీతల మధ్య చిటికెన వేలు పట్టేంత ఖాళీ, ఆ ఖాళీలోనే దాని బతుకంతా ఉందని ఏడ్చేది. నాకు ఆ బాధ లేదు, నేను నూట యాభై నాలుగు. ఏడవకే పిచ్చిమొహమా, పడుకుంటే చాలంట, ముషీరాబాద్‌లో మా ఇంటి పక్కన కానిస్టేబులక్క చెప్పింది, అని దాన్ని వాళ్లింట్లో చాప మీద పడుకోబెట్టి కాళ్లు పట్టి లాగాను. వాళ్లమ్మ అన్నపూర్ణ గారు వంటింట్లోంచి వచ్చి చూసి, "అయ్యో అయ్యో, పిల్లని రెండు ముక్కలు చేసేట్టున్నావే" అని నవ్వి, నాకు గోంగూర పచ్చడి వేసి అన్నం పెట్టారు. మూడేళ్లు ఆ ఇంట్లో తిన్నాను. ఒకే బెంచీ, ఒకే నోట్సు, ఎవరికి ఏ చాప్టరు రాదో ఇంకొకరికి తెలుసు. నా గురించి అన్నీ తెలుసు దానికి. చెప్పకూడనివి కూడా నేనే నోరారా చెప్పాను.

నాకు డిగ్రీలో కెమిస్ట్రీ ఒక్క పేపరు మిగిలిపోయింది. నాలుగేళ్లకు తీరిగ్గా రాసి గట్టెక్కాను. నోటిఫికేషన్ వచ్చిన తేదీకి డిగ్రీ పూర్తయి ఉండాలి, నాది పూర్తయింది ఆ తేదీకి నాలుగు రోజుల తర్వాత. మార్కుల మెమో మీద నెల, సంవత్సరమే ఉంటాయి, తేదీ ఉండదు, కాబట్టి మెమో పెట్టి ఊరుకున్నాను. దాచాను. అవును, దాచాను, కాదని ఎవరితోనూ అనను. నాలుగు రోజుల్లో నేనేం మారిపోయాను? ఆ రెండు తేదీల మధ్య నాకు చెట్ల పేర్లు ఏమైనా కొత్తగా వచ్చాయా? పరీక్ష రాశాను, పాసయ్యాను, పదహారు కిలోమీటర్ల నడక మూడు గంటల నలభై నిమిషాల్లో పూర్తి చేశాను, జాబితాలో నా పేరు పద్నాలుగోది. మా అమ్మ రాజకుమారి, జాకెట్లు కుట్టి నన్ను చదివించిన మనిషి, గల్లీ గల్లీ తిరిగి మైసూర్‌పాక్ పంచింది. నాగశ్రీని మధ్యాహ్నం మూడింటికి కొలిచారు, అయిదు గీతలు తక్కువొచ్చింది. నా భుజం మీద తలపెట్టి గంటసేపు ఏడిస్తే నాకు ఉద్యోగం వచ్చిన సంతోషం కూడా పక్కనపెట్టి దాన్ని ఓదార్చాను. పదకొండు రోజులకు ఆఫీసు నుంచి నాకు పిలుపొచ్చింది. ఎవరో ఉత్తరం రాశారు, కింద పేరు లేదు, ఒక అభ్యర్థి అని మాత్రం ఉంది. ఈమె డిగ్రీ తేదీ పరిశీలించగలరు, నాలుగు రోజులే అయినా నిబంధన నిబంధనే. ఆ వాక్యం నాకు నా పేరు కంటే బాగా గుర్తు. దాంట్లో ఒక్క అక్షరం అబద్ధం లేదు, అదే నా కడుపు మంట, అబద్ధం రాసి ఉంటే కొట్లాడేదాన్ని, గెలిచేదాన్ని. నా పేరు తీసేశారు. మా అమ్మ మైసూర్‌పాక్ పంచిన గల్లీలోంచి కాక, వెనక సందులోంచి తిరిగి బజారుకు పోవడం మొదలుపెట్టింది.

ఇరవై తొమ్మిదో నంబరు, పేరు నిహారిక. అడ్డబద్ద దించాను, నూట నలభై తొమ్మిది పాయింట్ ఆరు. ఆ పిల్ల నమ్మలేదు, తల తిప్పి స్టాండు వంక చూసి, నా వంక చూసి, "నిన్నటిసంది పండుకునే ఉన్న మేడమ్. ఇంట్ల కొలుస్తె నూట యాభై మీదనే వచ్చింది. పొద్దుగాల నుంచి నిలబెట్టిన్రు కదా మేడమ్" అంది. నన్నెవరో చెంప మీద కొట్టినట్టయింది. పెద్ద పెద్ద కళ్లు, ముక్కుపుడక, ఏ ఊరి నుంచి వచ్చిందో, ఆటో కూడా లేకుండా సిటీ బస్సులో నిలబడే వచ్చి ఉంటుంది. దీనికీ నాకూ ఏ పగ లేదు. "ఏడ్వకు. గా బల్లకాడ అప్పీల్ ఫారం ఉంటది, రాసియ్యి. రేపు పొద్దుగాల ఏడింటికి మళ్ల కొలుస్తరు, వేరే టీమ్. గేటు దాక పండుకునే రా" అని చెప్పాను. తలూపింది, అరచేత్తో ముక్కు తుడుచుకుంటూ వెళ్లింది. ఇలా తగ్గినవాళ్లు ఇప్పటికి అయిదుగురు, అందరికీ అప్పీలు సంగతి నేనే చెప్పాను, చెప్పడం నా డ్యూటీ. అయినా మనసులో ముల్లు కదులుతూనే ఉంది. ఒక్కదాని కోసం అరవై మందిని నిలబెట్టావు సంయుక్తా. నిలబెట్టాను. రేపు వాళ్లది వాళ్లకి వస్తుంది, నాకు ఆ రేపు ఎవరిచ్చారు? నాకేమైనా ఏడింటికి రమ్మని ఎవరైనా చెప్పారా?

ఉత్తరం ఎవరు రాశారో నేను వెతకలేదు, అది అనుకోకుండా నా కాళ్ల దగ్గరికొచ్చింది. ఆఫీసు వాళ్లిచ్చిన కాపీ పట్టుకుని అశోక్ నగర్‌లో ఆశన్న జిరాక్స్ షాపుకి వెళ్లాను, వివరణ ఉత్తరానికి జత చేయాలి కదా. మూడేళ్లుగా మా ఇద్దరి హాల్ టికెట్లూ, నోట్సులూ, ఫొటోలూ అన్నీ అక్కడే, వాట్సాప్‌లో పంపితే ప్రింట్ తీసి పెట్టేవాడు. కాగితం చేతిలోకి తీసుకుని ఆగిపోయాడు. "అక్కా, ఏమనుకోకు. గిది మన మిషన్ల తీసిందే. నీ దోస్తే పంపింది, రెండు కాపీలు తియ్యుమన్నది. నేను చదవలే అప్పుడు, కసం" అని ఫోన్ తీసి చూపించాడు. నాగశ్రీ ఫొటో, నాగశ్రీ నంబరు, నా ఫోన్‌లో నాగు అని ఉండే నంబరు. నాతో పానీపూరీ తిన్న సాయంత్రమే పంపింది, ఆరు గంటల పదిహేను నిమిషాలకి. ఆ రోజు పుల్లటి నీళ్లు ఇంకొంచెం వేయించుకుంది. దానికేం ఒరిగింది? నా చోటు పోతే అది దానికి రాదు, అది అప్పటికే ఎత్తు దగ్గర ఆగిపోయింది. ఊరికే. తనకు రానిది నాకు రాకూడదు, అంతే. నేను దాన్ని అడగలేదు. ఎందుకడగాలి? అడిగితే ఏడుస్తుంది, కాళ్లు పట్టుకుంటుంది, వాళ్లమ్మ పెట్టిన అన్నం గుర్తొచ్చి నేను క్షమించాల్సి వస్తుంది. క్షమించడం నాకిష్టం లేదు. దాని పెళ్లికి వెళ్లాను, పట్టుచీర కట్టుకుని, నవ్వుతూ ఫొటో దిగాను, ఫణికిరణ్‌తో మా నాగుని బాగా చూసుకోండి అన్నాను. ఆరేళ్లుగా ప్రతి పండక్కీ దాని మెసేజీ వస్తుంది, ప్రతిసారీ ఒక దండం బొమ్మ పంపుతాను. దానికి ఏమీ తెలియదు.

ముప్పై ఆరు. ముప్పై ఏడు. ఫ్లైఓవర్ మీద బస్సు హారన్ ఆపకుండా కొడుతోంది, నా వీపు మీద యూనిఫాం చెమటకి అతుక్కుపోయింది. తర్వాతి నోటిఫికేషన్‌లో సెక్షన్ ఆఫీసర్ వచ్చింది నాకు, ఒక మెట్టు కింద. ఆనాడు నా పక్కన నడిచినవాళ్లు ఈ రోజు జీపుల్లో వస్తారు, నేను జీపు తలుపు దగ్గర నిలబడి సెల్యూట్ చేస్తాను. అఖిల్ సార్ మంచివాడే, మేడమ్ అని పిలుస్తాడు, కానీ ఆ కుర్చీలో పద్నాలుగో పేరు కూర్చోవాలి, నేను కూర్చోవాలి. ఇప్పుడు ఇది గనక పాసైతే ఏమవుతుంది? ట్రైనింగ్ అయ్యాక ఏదో ఒక రోజు మా రేంజికే రావచ్చు. పసుపు చున్నీ బదులు ఖాకీ, భుజం మీద నా కంటే ఎక్కువ నక్షత్రాలు, నేను సెల్యూట్ కొట్టాలి, అది తలూపాలి. ఆ ఊహకే నా చెయ్యి అడ్డబద్ద మీద బిగుసుకుంది, ముప్పై ఎనిమిదో పిల్ల అబ్బా అంది. సారీ అమ్మా, అని వదులు చేశాను. ఈ ఏడాదితో నాగశ్రీకి వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరిసారి. నిన్న జాబితాలో పుట్టిన తేదీ చూసి లెక్క కట్టుకున్నాను, కట్టుకోవడానికేముంది, దాని పుట్టినరోజు నాకు తెలియదా. ఏమనాలో కూడా సిద్ధం చేసుకున్నాను. నంబరు చదివాక దాని కళ్లలోకి చూసి, మెల్లగా, అఖిల్ సార్‌కి వినపడకుండా, రెండు గీతలే అయినా నిబంధన నిబంధనే నాగూ, అనాలి. దానికి అర్థమవుతుంది. దాని మొహం తెల్లబోవడం చూడాలి. ఆ ఒక్క క్షణం కోసం ఆరేళ్లు దండం బొమ్మలు పంపాను.

నలభై. ఆ తర్వాత అది. చెప్పులు విప్పి పక్కన వరసగా పెట్టింది, ఎప్పుడూ అంతే, శుభ్రం ఎక్కువ. దగ్గర నుంచి చూస్తే పెదవులు ఎండిపోయాయి, చంకల కింద తడి, కాళ్లు వాచాయి నిలబడి నిలబడి. నన్ను చూసి నవ్వింది. ఎవరికీ కనపడకుండా చిన్నగా, కొత్త చోట తెలిసిన మనిషి కనపడ్డప్పుడు నవ్వే నవ్వు. మడమలు వెనక్కి ఆనించండి, అన్నాను, అండి అని. ఎదురుగా చూడండి. ఒకప్పుడు పుస్తకం పెట్టిన ఈ తలే, పాపిడిలో అదే చిన్న మచ్చ. అడ్డబద్ద దించాను. జుట్టుకి తగిలింది, ఇంకొంచెం దించాను, తలకి తగిలింది. కొలిచేవాళ్ల కోసం వేసిన పీట మీద నుంచి వంగి చూశాను. బద్ద అంచు సరిగ్గా నూట యాభై గీత మీద కూర్చుంది. కళ్లు గీతకు సమానంగా పెట్టి చూస్తే ఉంది. ఒక్క అంగుళం పైనుంచి చూస్తే లేదు. పొద్దున్నుంచీ ఇలా అంచు మీద ఆగినవాళ్లు ముగ్గురు, ముగ్గురికీ నూట యాభై అనే చదివాను, చదివి లోపల నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. మూడు గంటలు ఎండలో నిలబెట్టినా ఇది నూట యాభై కంటే తగ్గలేదు. నా కోపం తలకెక్కింది. నేను మునివేళ్ల మీద లేచాను. అంగుళం చాలు. అక్కడి నుంచి చూసి చదివాను.

"నూట నలభై తొమ్మిది పాయింట్ తొమ్మిది."

సంతోషం వేసింది. అబద్ధం ఎందుకు, గుండెల నిండా సంతోషం వేసింది, గల్లీలో ముందు దారిన మా అమ్మ నడిచి వెళుతున్నంత సంతోషం. నాగశ్రీ స్టాండు దిగలేదు. కళ్లు మూసుకుంది, తెరిచింది. నేను దాని కళ్లలోకి చూశాను, వాక్యం నాలుక మీద ఉంది, అది ఒక్కసారి గట్టిగా ఏదో అంటే, మళ్లీ చూడు అంటే, మోసం అంటే, నేను ఆ వాక్యం అనేస్తాను. అను, ఏదో ఒకటి అను. అఖిల్ సార్ కాగితం జరిపి, "అప్పీల్ చేసుకుంటరా మేడమ్? రేప్పొద్దున ఏడింటికి వేరే టీమ్ కొలుస్తది. ఒక్క పాయింటే కదా, చేసుకోండ్రి" అన్నాడు. నాగశ్రీ దిగింది. చెప్పులు వేసుకుంది. బల్ల దగ్గరికి వెళ్లి పెన్ను అందుకుంది.

"వద్దండి. వేరే ఎవరు కొలిచినా పెట్టేదాన్ని. ఈవిడ కొలిచాక ఇంక అప్పీలేంటండీ? ఈవిడ నాకు చిన్నప్పటి స్నేహితురాల్లాంటిది. నా విషయంలో ఒక్క గీత కూడా తక్కువ చదవదు" అంది. నా వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి, "నాకూ అదే మంచిదైందిలే సంయుక్తా. ఇంకెవరైనా అయితే జన్మంతా అనుమానం ఉండిపోయేది" అంది. కొలతకు అంగీకరిస్తున్నాను అన్న గడిలో సంతకం పెట్టింది, ఎప్పటిలాగే కింద రెండు చుక్కలు. చేత్తో నా మోచేయి ఒకసారి తాకి వరుస పక్కనుంచి గేటు వైపు నడిచింది. దూరంగా ఫణికిరణ్ లేచి నిలబడ్డాడు, దాని నడక చూసే అతనికి అర్థమైనట్టుంది, గొడుగు మడిచేశాడు.

అఖిల్ సార్ కాగితం నా వైపు తోశాడు. కొలిచినవారు అన్న చోట నా పేరు పూర్తిగా రాశాను, హోదా రాశాను, తేదీ వేశాను. దాని ఉత్తరంలో అంతా నిజమే, పేరు మాత్రం లేదు. అప్పీళ్లు సాయంత్రం అయిదు దాకా తీసుకుంటారు. అది ఇంకా గేటు దాటలేదు, పసుపు చున్నీ ఇంకా కనపడుతూనే ఉంది, గట్టిగా పిలిస్తే వినపడుతుంది, పిలిస్తే వెనక్కి వస్తుంది, నేను పిలిస్తే ఎందుకని కూడా అడగకుండా వస్తుంది. గొంతు సవరించుకున్నాను.

"నలభై రెండు" అని పిలిచాను.